ఎప్పుడో కట్టేశారు

పటాలత్త అద్దం మీద గీత పెట్టే ముందు రోడ్డు వైపు చెవి పడేసేది. లోడు లారీ వస్తోందంటే చెయ్యి గాల్లోనే ఆగేది. ఊరి నడిబొడ్డున, నాలుగు రోడ్ల కూడలి దగ్గర లారీ బ్రేకు వేసి, కాసేపు రొప్పి, మళ్ళీ కదిలేదాకా కొట్టు కొట్టంతా సన్నగా వణికేది. బల్ల మీది మేకులు వాటంతటవే చోటు మార్చుకునేవి. గోడకు వేలాడే ఖాళీ ఫ్రేములు పెళ్ళిలో పిన్నమ్మల్లా ఒకదాన్నొకటి మోచేత్తో పొడుచుకునేవి. అంతా సద్దుమణిగాక ఒక్క గీత గీసి, బల్ల అంచున పెట్టి నొక్కేది. అద్దం చెప్పిన మాట విన్నట్టు విరిగేది.

ఎవరైనా తొందరపెడితే, "లారీ పోనీ నాయనా. ఈ అద్దం వంకరపోయిందంటే మీ తాతగారు జీవితాంతం తల వంచుకుని చూడాల్సొస్తుంది" అనేది. తాతగారు అప్పటికే పోయి ఉండేవాడు. సాధారణంగా పోయినవాళ్ళ ఫోటోలే పటం కట్టడానికి వస్తాయి. ఇప్పుడు ఆవిడా ఆ వరసలో చేరింది గనక, ఆవిడ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవచ్చు.

ఆవిడకు అన్న ఒకడు. అతని కూతురు చిన్నప్పుడు రోడ్డు అవతలి నుంచి "అత్తా" అని కేకలేస్తుంటే విని విని, బజారంతా అదే వరస కలిపేసింది. బస్సు కండక్టర్లకూ, బడి పంతుళ్ళకూ, తనకంటే పదేళ్ళు పెద్దవాళ్ళకూ కూడా అత్తే. అత్త వాళ్ళ నాన్న బజార్లో ఎదురెదురుగా రెండు కొట్లు కట్టి, పోయే ముందు చెరొకటి ఇచ్చాడు. ఇవతలిది పటాలది, కూతురికి. అవతలిది కొడుక్కి. అక్కడ లావుపాటి అన్న స్టూలు మీద కూర్చుని రేడియోలూ, ఇస్త్రీపెట్టెలూ, అలారం గడియారాలూ బాగుచేసేవాడు. మధ్యలో హైవే. "అన్నాచెల్లెళ్ళం కొట్టుకుంటామని మా నాన్న మధ్యలో లారీలు పెట్టి పోయాడు" అని అత్త నవ్వేది.

ఆ మోతలో మాట వినపడదు గనక ఇద్దరూ చేతులతో మాట్లాడుకునేవారు. అన్న రెండు వేళ్ళు ఎత్తితే టీ తాగుదాం రమ్మని. చెయ్యి అడ్డంగా ఊపితే తర్వాత చూద్దామని. బొటనవేలితో మెడ మీద గీత గీసుకున్నాడంటే వదిన ఆ రోజు కోపంగా ఉందని.

అన్న జబ్బుపడి వారం తిరక్కుండానే పోయాడు. ఆ నెలలోనే వదిన షట్టరు దించేసి తాళం వేసింది. ఆ సరికే ఆ వరసలో మిగతా కొట్లన్నీ ఒక్కొక్కటీ మూతపడి ఉన్నాయి. బస్సులు ఆగేది ఇవతల. కూరగాయలు ఇవతల. బతుకు మీద ఆశ ఉన్నవాడెవడూ ఒక బల్బు కోసం హైవే దాటడు. దాటకపోతే కొట్టువాడు ఎన్నాళ్ళు ఈగలు తోలుకుంటాడు? అందరూ వేరే ఊళ్ళకు ఎగిరిపోయారు. కూతురు పెళ్ళై వేరే ఊరు పోయాక, కొట్ల వెనక సందులో ఇల్లున్న వదిన ఒక్కతే మిగిలింది.

వదినకూ అత్తకూ మాటల్లేవని బజార్లో కొందరనేవారు. అది తప్పు. మాటలు బోలెడు. అన్నీ పొడుపులే.

"ఆ కొట్టు ఎవరికైనా అద్దెకివ్వు వదినా. లోపల ఎలకలు కాపురం పెట్టాయి."

"పెట్టనీ అమ్మాయ్. ఆడపడుచుకన్నా ఎలకలు నయం. సలహాలివ్వవు."

అమ్మాయికి అప్పటికి యాభై దాటాయి.

ఆ రోజుల్లోనే ఊరికి ఒక ప్లాను వచ్చింది. నిజానికి ఒకటి కాదు, రెండు ప్లాన్లు ఒకే గొట్టంలో చుట్టుకుని వచ్చాయి. హైవే వాళ్ళకు కూడలి దగ్గర లారీలు వరసకట్టకుండా పోవాలి. ఊరివాళ్ళకు చచ్చిపోతున్న బజారు మళ్ళీ లేవాలి. ఒకళ్ళకు బండి ఆగకుండా పోవాలి, ఇంకొకళ్ళకు మనిషి పోకుండా ఆగాలి. ఈ రెంటికీ పొత్తు కుదర్చడానికి పట్నం నుంచి ఒకాయన్ని పంపారు. మెడలో కెమెరా, చంకలో చుట్ట చుట్టిన మ్యాపు. వచ్చిన గంటలోనే బజారు ఆయనకు ప్లానుబాబు అని పేరు పెట్టేసింది. ఆయన తేల్చిన విషయం చిన్నదే. కూడలి దగ్గర కుడివైపు తిరిగే లారీలకు విడిగా ఒక దారి వేయాలి. దానికి రెండు వరసల కొట్లలో ఏదో ఒక వరస తీసేయాలి. మిగిలిన వరస ముందు వెడల్పాటి నడకదారి, చెట్లు, బెంచీలు.

ఏ వరస అన్నది చూడటానికి ప్లానుబాబు ఆదివారం వచ్చాడు. ఆదివారం బజారంతా సెలవు. ఇటు ఆరు షట్టర్లు, అటు ఆరు షట్టర్లు. అన్నీ కిందికే. చావుదీ నిద్రదీ దూరం నుంచి చూస్తే ఒకే మొహం. మర్నాటికి ఇవ్వాల్సిన పటం ఒకటి ఉండి అత్త మాత్రం షట్టరు సగం ఎత్తుకుని పని చేసుకుంటోంది. ఆయన వంగి లోపలికి తొంగి చూశాడు.

"ఎదుటి వరస ఎప్పటిదమ్మా?"

అత్త నోట్లో మేకులున్నాయి. ఒకటి తీసి ఫ్రేముకు గుచ్చుతూ చెప్పింది. "ఎప్పుడో కట్టేశారు బాబూ. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు కట్టేశారు. ఆఖరిది మా అన్న పోయాక మా వదిన కట్టేసింది."

"ఒక్కరేనా?"

"ఒక్కతే. ఎంతమంది వద్దన్నా వింటేగా. చూసుకోవడానికి మగదిక్కు లేకపోతే ఏంటి, మేమంతా లేమా అన్నాం. కట్టేసిందాకా నిద్రపోలేదు."

"చాలా గొప్ప విషయం" అన్నాడు ప్లానుబాబు, చేతిలో మ్యాపు మీద ఏదో రాసుకుంటూ.

ఇందులో గొప్పేముందో అత్తకు అర్థం కాలేదు. ఆఫీసువాళ్ళు అలాగే మాట్లాడతారు కాబోలనుకుని మేకు కొట్టింది.

నెల తర్వాత బడి హాల్లో ప్లాను అట్టల మీద అంటించి పెట్టారు. అందరూ చూసి ఏమనుకుంటున్నారో చెప్పవచ్చన్నారు. అత్త కొట్టు పక్కన మేకులూ బోల్టులూ అమ్మే ఆయన, మేకుల మావయ్య, అందరికంటే ముందు వెళ్ళాడు. అత్త వెళ్ళేసరికి గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"అత్తా, మనం ఎర్రలో ఉన్నాం."

నిజమే. మ్యాపులో ఇవతలి వరస మీద ఎర్ర గీతలు కొట్టి ఉన్నాయి. అవతలి వరస మాత్రం పచ్చగా, ముందు గుండ్రటి చెట్లతో, బెంచీలతో కళకళలాడుతోంది. కింద ఒక కార్డు అంటించారు. మేకుల మావయ్య కళ్ళజోడు పైకి తోసుకుని గట్టిగా చదివాడు.

"కాపాడదగిన పాత కట్టడాల వరస. ఇందులో చివరి దుకాణాన్ని, భర్త మరణించాక, ఎందరు వారించినా వినక, ఊరి మహిళ ఒకరు ఒంటరిగా పట్టుదలతో కట్టించారు." కార్డు మీంచి తల ఎత్తాడు. "ఎవరండీ ఈ మహాతల్లి? మన ఊరేనా?"

ప్లానుబాబు ఉత్సాహంగా ముందుకొచ్చాడు. "ఈవిడ వదినగారే. ఈవిడే చెప్పారు, ఎప్పుడో కట్టేశారని."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"అయ్యా బాబూ" అన్నాడు మేకుల మావయ్య. "కట్టేశారంటే కట్టారని కాదు. కట్టేశారని!"

"నేనూ అదే కదండీ రాసింది."

"అది కాదయ్యా. కట్టడం కాదు, కట్టెయ్యడం. కొట్టు కట్టెయ్యడం! షట్టరు దించి, తాళం వేసి, ఇంటికి పోవడం!"

హాలు హాలంతా గొల్లుమంది. ప్లానుబాబు చెవులు ఎర్రబడ్డాయి. ఆయన తప్పేమీ లేదు. ఇల్లు పూర్తి చేసినా కట్టేశామంటాం, కొట్టు శాశ్వతంగా మూసేసినా కట్టేశామంటాం. ఆయన పెరిగిన చోట కొట్లు మూసేస్తారు తప్ప కట్టెయ్యరు. పైగా ఆయన చూసింది ఆదివారం షట్టర్లు. "క్షమించండి, మారుస్తాను" అని ఎర్ర పెన్సిలు కూడా బయటికి తీశాడు.

అందరూ నవ్వారు గానీ అత్త నవ్వలేదు. ఆ పెన్సిలు రోడ్డు దాటి ఎక్కడికి పోబోతోందో ఆవిడకు కనబడింది.

మునిసిపల్ చైర్మన్ ఆ పెన్సిలు ఆపాడు. "రేపు ఎవరైనా వచ్చి, నవ్వుకుంటూ వరస మార్చేశారంటే ఏం చెబుతాం? శుక్రవారం సభ పెడదాం. ఆ మాట చెప్పినావిడే వచ్చి, రెండు వరసల వాళ్ళ ముందూ సరిచేయాలి" అన్నాడు. అవతలి వరస వాళ్ళంటే ఊళ్ళో ఉన్నది వదిన ఒక్కతే. మిగతావాళ్ళు ఎప్పుడెప్పుడు వదిలించుకుందామా అని చూస్తున్నవాళ్ళు.

దారి పొడుగునా మేకుల మావయ్య ఒకటే నస. "నీ నోటితో పోయింది, నీ నోటితోనే రావాలి అత్తా. ఆరు కొట్లు, ఆరు సంసారాలు. ఎంత, ఒక్క మాట."

అత్త సాయంత్రం వదిన ఇంటికి వెళ్ళింది. వదిన అడక్కుండానే టీ పెట్టింది. అక్కడే అత్తకు అనుమానం వచ్చింది.

"చూశావా అమ్మాయ్? నా గురించి రాశారు" అంది వదిన.

"చూశాను."

"పట్టుదలట. మీ అన్న ఉన్నన్నాళ్ళూ నాది మొండితనం అన్నాడు గానీ, ఒక్కనాడైనా పట్టుదల అన్నాడా?"

"వదినా, అది పొరపాటున..."

"నాకు తెలీదా ఏంటి? కొట్టు కట్టింది మీ నాన్న, కట్టేసింది నేను. అంత మతి పోలేదులే." వదిన గ్లాసు అత్త ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది. "ఆయన కొట్టు ముందు చెట్టు వేశారు. బెంచీ వేశారు. బెంచీ మీద ఒక మనిషి కూడా ఉన్నాడు చూడు. కాస్త లావుగా."

ఆ బొమ్మ అత్తా చూసింది. పెన్నుతో గీసిన రెండు గీతలు. లావూ లేదు, సన్నమూ లేదు. ఆ మాట అనలేదు.

"అవతలి వరస ఉంటే నా కొట్టు పోతుంది వదినా."

"తెలుసు."

"నా ఒక్కదానిదే అయితే పోనీ అనేదాన్ని. పక్కన అయిదుగురున్నారు."

"అదీ తెలుసు." వదిన కిటికీ వైపు చూసింది. అక్కణ్ణించి కొట్టు వెనక గోడ తప్ప ఏమీ కనబడదు. "తెల్లారి లేచి ఆ గోడ చూస్తాను. అవతల ఆయన కూర్చుని ఏ రేడియోనో విప్పుకుంటున్నాడని అనుకుంటాను. పిచ్చని తెలుసు. తెలిసే అనుకుంటాను. టీ తాగు, చల్లారిపోతోంది."

"నువ్వు వద్దంటే నోరెత్తను."

"అది నా నెత్తిన రుద్దకు. నీ నోరు, నీ ఇష్టం. దాన్ని ఈ ఊళ్ళో ఇప్పటిదాకా ఆపినవాళ్ళెవరు?"

శుక్రవారం దాకా అత్త పనిలో ఉన్నట్టే ఉంది గానీ, ఒక పటానికి రెండు అద్దాలు కోసింది. న్యాయం ఎటుందో ఆవిడకు తెలియక కాదు. నడిచే కొట్లు ఇటు, తుప్పుపట్టిన రేకులు అటు. చంటిపిల్లాణ్ణడిగినా చెబుతాడు. అయితే ఆ రేకుల్లో ఒకదాని వెనక, టీకి రమ్మని రెండు వేళ్ళు ఎత్తిన మనిషి కూర్చున్న స్టూలు ఇంకా ఉంది. దాన్ని తీసేయండని చెల్లెలే లేచి చెప్పాలి. వదిన చూస్తుండగా చెప్పాలి.

సభకు హాలు నిండిపోయింది. వదిన ముందు వరసలో, మ్యాపుకు ఎదురుగా కూర్చుంది. చైర్మన్ అత్తను లేవమన్నాడు.

"ఆ రోజు మీరేం చెప్పారమ్మా?"

"కట్టేశారని చెప్పాను."

"అంటే కట్టారనా, మూసేశారనా? ఆ ఒక్కటీ స్పష్టంగా చెబితే సరిపోతుంది."

"అంటే..." అంది అత్త. బజార్లో లారీ మోతను మించి కేకవేయగల మనిషి. ఇప్పుడు ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. మేకుల మావయ్య వెనక నుంచి గట్టిగా దగ్గాడు. అత్త వదిన వైపు చూసి, చూపు తిప్పుకుని, "ఆ రోజు నా నోట్లో మేకులున్నాయి" అంది. ఎవరో నవ్వబోయి మానుకున్నారు.

వదిన లేచింది.

"ఏమండీ చైర్మన్ గారూ. మా ఆడపడుచు పుట్టి బుద్ధెరిగాక ఒకే ఒక్క మాట సరిగ్గా చెప్పింది. అదీ మీకు అర్థం కాకపోతే ఎలా? కట్టేశాం. మూసేశాం. తాళం వేసేశాం. ఇంకెన్ని రకాలుగా చెప్పాలి? అటు వరసలో ఎలకలు తప్ప ఎవరూ వ్యాపారం చేయట్లేదు."

ఈసారి నవ్వు ఆగలేదు. వదిన నవ్వు తగ్గేదాకా నిలబడే ఉంది. తర్వాత కాస్త గొంతు తగ్గించి, "ఆవిడ కొట్టు నడుస్తోంది. నడిచేదాన్ని ఉంచండి" అంది.

"మీకేమీ అభ్యంతరం లేదంటారా?" అడిగాడు ప్లానుబాబు.

"ఉంది. ఆ కార్డు నాకిచ్చెయ్యండి. ఎలాగూ మీకిక పనికిరాదు."

ప్లానుబాబు కార్డు జాగ్రత్తగా ఊడదీసి రెండు చేతులతో ఇచ్చాడు. బయటికొచ్చాక మెట్ల దగ్గర వదిన దాన్ని అత్త చేతిలో పెట్టింది.

"పటం కట్టు."

"అబద్ధానికి పటమేంటి వదినా?"

"అంతా అబద్ధం కాదు. పట్టుదల నిజం."

అత్త థాంక్స్ చెప్పలేదు, వదిన ఎదురు చూడలేదు.

తర్వాత జరిగినవి ముందే చెప్పేసుకుంటే, కొత్త దారి పడింది. లారీలు కూడలి దగ్గర ఆగడం తగ్గింది. ఇవతల నడకదారి వేశారు. చెట్లు మ్యాపులో ఉన్నన్ని బతకలేదు. బెంచీలు మాత్రం ఖాళీగా ఉన్న రోజు లేదు. బజారు లేచిందని కొందరన్నారు, ఒత్తిగిల్లిందంతేనని కొందరన్నారు. అన్న కొట్లోని స్టూలు వదినే ఎత్తుకొచ్చి పటాలకొట్లో వేసుకుంది. చిన్న పనులు నేర్చింది. అట్టలు కత్తిరించేది, గిరాకీలతో పోట్లాడేది. మిగిలిన పద్నాలుగేళ్ళూ ఇద్దరూ ఒకే బల్లకు రెండు పక్కలా కూర్చుని పొడుచుకుంటూనే గడిపారు. అత్త పోయిన రోజున కూడా పొద్దున అద్దం మందం గురించి మాటామాటా అనుకున్నారట.

అవతలి వరస కూల్చిన రోజున వదిన రోడ్డు వైపు వీపు పెట్టి పటాలకొట్లో కూర్చుంది. యంత్రం మొదటి కొట్టు దగ్గర మొదలుపెట్టింది. దుమ్ము వచ్చి బల్ల మీది అద్దాల మీద పేరుకుంది. అత్త తుడిచింది. మళ్ళీ పేరుకుంది.

"అయిందా?" అంది వదిన.

"ఇంకా రెండున్నాయి."

వదిన గోడకున్న ఫ్రేములను ఎడంనుంచి కుడికి చూసుకుంటూ వెళ్ళింది. బయట ఇనుము చిరిగిన చప్పుడైంది.

"అయిందా అమ్మాయ్?"

యంత్రం చెయ్యి అన్న కొట్టు షట్టరు పట్టుకుని లాగింది. లోపలి గోడకు నీలం రంగు. ఒక మూల స్విచ్చుబోర్డు. అదంతా ఎండలో కాసేపు నిలబడి, ఉన్నట్టుండి కూలబడింది. దుమ్ము తగ్గాక వెనక ఏముందో అత్తకు కనబడింది.

"అయింది" అంది.

"ఎలా ఉంది?"

"మీ ఇల్లు కనబడుతోంది వదినా. వంటింటి తలుపు బార్లా తీసి ఉంది."

"తీసి ఉందా?" వదిన గిరుక్కున తిరిగింది. "అయ్యో, పాలు పొయ్యి మీదే ఉన్నాయి. పిల్లి దూరుతుంది!"

అటూ ఇటూ చూడకుండా రోడ్డు మీదికి దిగి నడిచింది. అత్త చేతిలో గుడ్డ పడేసి వెంట పరిగెత్తి, వస్తున్న లారీకి అడ్డంగా చెయ్యెత్తింది.

"చూసుకుని నడువు వదినా!"

"నన్నెందుకంటావు? వాణ్ణి చూసుకు నడపమను" అంది వదిన, ఆగకుండానే.